శిలాఫలకం కథ: ఒక రాజకీయ బుర్రకథ తయారీ డైరీ

జూన్, మొదటి వారం

మా నాటక బృందం ఈసారి రాజకీయ వ్యంగ్యం ఎత్తుకుంది. పాటలతో, దరువుతో, గంటంబావులో ముగిసే ప్రదర్శన. రూపం బుర్రకథ. వీరగాథ మాత్రం కాదు, ఇందులో యుద్ధం లేదు. కథానాయకుడు ఒక రాయి.

కాలువ మీద వంతెన కడతామని ఎన్నికల ముందు ఒక నాయకుడు వస్తాడు, శంకుస్థాపన చేస్తాడు, శిలాఫలకం నిలబెట్టి వెళ్లిపోతాడు. ఐదేళ్ల తర్వాత ఇంకొకాయన. ఆ తర్వాత మరొకాయన. వంతెన రాదు, గట్టు మీద మూడు రాళ్లు మాత్రం వరసగా నిలబడతాయి. ఒక రాత్రి ఆ మూడూ మాట్లాడుకోవడం మొదలుపెడతాయి. ఇదీ కథ.

బుర్రకథలో వేదిక మీద ఉండేది ముగ్గురే. మధ్యలో తంబురాతో కథకుడు, అటూ ఇటూ డక్కీలనే చిన్న డోళ్లతో, వంత పాడే ఇద్దరు వంతలు. వంతల్లో ఒకరిది హాస్యం, రెండోవారిది రాజకీయం. మూడు రాళ్లకు ముగ్గురు మనుషులు సరిగ్గా సరిపోయారు. ఈ కళారూపం మీద నాకున్న గౌరవానికి అసలు కారణం కూడా ఇదే. దేశకాల పరిస్థితుల మీద వ్యాఖ్యానించడానికి ఒక మనిషిని, నవ్వించడానికి ఇంకొక మనిషిని కథలోనే కేటాయించారు మన పెద్దలు. వ్యంగ్యాన్ని బయటినుంచి తెచ్చి అతికించక్కర్లేదు, దానికి ఇక్కడ ముందునుంచే చోటుంది.

కీబోర్డు, రికార్డు చేసిన ట్రాకులు పెట్టి కొత్త తరహా సంగీత నాటకంగా చేద్దామని బృందంలో కుర్రాళ్లు అడిగారు. నేను ఒప్పుకోలేదు. ట్రాకు ప్రేక్షకుడి కోసం ఆగదు. జనం నవ్వుతున్నా, చప్పట్లు కొడుతున్నా దాని దారిన అది వెళ్లిపోతుంది. డక్కీ వాయించే మనిషైతే ఆగగలడు, సాగదీయగలడు, కళ్లతో సైగ చేస్తే మళ్లీ ఎత్తుకోగలడు. నవ్వు మీద బతికే ప్రదర్శనకు ఆ వీలు చాలా అవసరం.

ఇంకో నిర్ణయం కూడా మొదట్లోనే తీసుకున్నాం. ఏ నాయకుడి పేరూ, ఏ పార్టీ పేరూ రాదు. ఎవరి గొంతునూ అనుకరించం. దీని మీద వాదన గట్టిగానే జరిగింది. 'పేరు పెట్టకపోతే పస ఏముంటుంది అన్నా?' అని హాస్యం వంత చేసే తమ్ముడి మాట. నా మాట ఇది: ఒకాయన నడకను, యాసను వెక్కిరిస్తే ఆయన వ్యతిరేకులు మాత్రమే నవ్వుతారు, అభిమానులు లేచిపోతారు. రాయి వేసి వెళ్లిపోయే అలవాటును పాడితే హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ తమ ఊరి రాయి గుర్తొస్తుంది. మనకు కావలసింది ఆ రెండోది.

జూన్, చివరి వారం

ఈ రెండు వారాలూ చదువుతోనే గడిచాయి. మనకంటే ముందు ఈ పని చేసినవాళ్లు ఏం చేశారు, ఏం పోగొట్టుకున్నారు అని చూశాను.

మన దగ్గర మొదలుపెడితే 1943లో వామపక్ష కళాకారులతో ఏర్పడిన ప్రజానాట్యమండలి. జంగాలు పాడుకునే కథా రూపాన్ని తీసుకుని దానికి రాజకీయ నాలుక ఇచ్చింది వాళ్లే. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ దాన్ని ఎక్కడికో తీసుకెళ్లారు. పాట, మాట, అడుగు, ముఖంలో భావం, నాలుగూ ఒకే మనిషిలో కలిసిన కళాకారుడాయన. 1986లో పద్మశ్రీ వచ్చింది. అదే కాలంలో మోటూరు ఉదయం లాంటివాళ్లు ఆడవాళ్ల దళం కట్టి ఊరూరా బుర్రకథ చెప్పారు. మా ప్రదర్శనలో కథ చెప్పేది కూడా ఒక అక్కే కాబట్టి ఆ విషయం చదివిన రోజు రిహార్సల్‌కు ఆవిడ రెట్టింపు ఉత్సాహంతో వచ్చారు. సుంకర, వాసిరెడ్డి కలిసి 1947లో రాసిన 'మా భూమి' నాటకాన్ని అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. నాటకానికి ప్రభుత్వం భయపడిందంటే, అది తగలాల్సిన చోట తగిలిందని అర్థం.

ఆంగ్లేయుల దేశంలోనూ ఇదే కథ. 1728లో లండన్‌లో జాన్ గే 'ది బెగ్గర్స్ ఒపేరా' వేశాడు. దొంగల కథ పేరుతో అప్పటి ప్రధాని వాల్పోల్ పాలనను ఎండగట్టాడు. అందులో 69 పాటలున్నాయి. బాణీలు చాలావరకు జనానికి అప్పటికే తెలిసినవి, వీధుల్లో పాడుకునేవి. వాటికి కొత్త మాటలు పెట్టాడు. దాని తర్వాతి భాగాన్ని వేదిక ఎక్కనివ్వలేదు. 1737లో ఏకంగా లైసెన్సింగ్ చట్టమే తెచ్చి, నాటకాన్ని ముందుగా ప్రభుత్వాధికారికి చూపించి అనుమతి పొందాలన్నారు. ఆ ముందస్తు సెన్సార్ పద్ధతి బ్రిటన్‌లో 1968 దాకా నడిచింది.

ఈ చదువులో నా పనికి అన్నిటికంటే ఉపయోగపడింది ఆ బాణీల సంగతి. కొత్త బాణీ వింటున్నప్పుడు మనిషి చెవి ముందు రాగం వెంట పడుతుంది, మాట వెనకబడుతుంది. తెలిసిన బాణీ అయితే చెవికి పని తక్కువ. తర్వాత ఏ మాట రావాలో కూడా లోపల ఒక అంచనా ఉంటుంది. ఆ చోట వేరే మాట పడగానే నవ్వు పుడుతుంది. కాబట్టి మన జనం ఒంట్లో ఇంకిపోయిన పాటలేవో వెతకాలి.

సినిమా పాటలు ఎందుకు వద్దన్నానంటే, వాటికి హక్కుదారులు ఉంటారు. డబ్బులు తీసుకోకుండా ఔత్సాహిక బృందం వేసే ప్రదర్శనకు కాపీరైట్ చట్టంలో కొంత మినహాయింపు ఉంది గానీ, రేపు టికెట్ పెట్టి వేయాల్సి వస్తే మళ్లీ చిక్కే. దానికన్నా పెద్ద కారణం, ఏ సినిమా పాటైనా ఒక తరానిదే. దండకం, జోలపాట, మంగళహారతి అన్ని తరాలవీ.

జూలై, మొదటి సగం

పాటల పని మొదలైంది. ఈ ప్రాజెక్టులో నాకు ప్రాణం లాంటి భాగం ఇదే.

మొదట దండకం. ఆంజనేయ దండకం వినని తెలుగువాడు ఉండడు. దాని నడక అందరికీ తెలుసు: గురువు, గురువు, లఘువు, మళ్లీ అదే, ఆగకుండా పరుగు, చివర ఒక గురువు మీద నిలబడటం. దేవుణ్ణి పొగిడే ఈ రూపంలో నాయకుడు ఓటరును పొగిడితే? ఎన్నికల ముందు జరిగేది నిజంగా అదే కదా. ఇలా వచ్చింది:

ఓ ఓటరూ దేవతా! నీకు దండంబు! నీ పాదమున్ బట్టి ప్రార్థించుచున్నాను, ఈ రోడ్డు నీకోసమే వేసి పోతాను, నా మాట నమ్మింక! ఈ వీధి దీపాలు వెల్గించి, నీ ట్యాంకు నింపించి, నీ వార్డు నే చూసుకుందున్ సదా!

'ట్యాంకు', 'వార్డు' లాంటి మాటలు పాత పద్యపు క్రియల పక్కన కూర్చోవడంలోనే సగం వ్యంగ్యం ఉంది. గణాలు మాత్రం ఎక్కడా తప్పకూడదు. నడక ఒక్కచోట కుంటితే అది వ్యంగ్యం కాకుండా చేతకానితనంలా వినిపిస్తుంది. ఎంత గంభీరంగా, ఎంత శుద్ధంగా పాడితే అంత పండుతుంది. అందుకే పాడే అక్కకు నవ్వు ముఖం అస్సలు పెట్టొద్దని చెప్పాను. గుడిలో పాడినట్టు కళ్లు మూసుకుని పాడమన్నాను.

రెండోది జోలపాట. వంతెన ఫైలు ఆఫీసు బీరువాలో పడి ఉంటుంది. గుమాస్తా దాన్ని ఊయలలో బిడ్డలా పడుకోబెడతాడు. ఖండగతిలో, అంటే ఐదేసి మాత్రల నడకలో కట్టాను (లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు):

బీరువా ఊయల్లొ నిదరోవె తల్లీ
దుమ్మంత దుప్పటిగ కప్పాము తల్లీ
సర్కారు మారినా కదలొద్దు తల్లీ
సర్వేకు వచ్చినా లేవొద్దు తల్లీ

దీనికి డక్కీ వద్దన్నారు హార్మోనియం బాబాయ్. ఆయన మాట నూటికి నూరు పాళ్లు నిజం. డక్కీ తీసేసి, తంబురా మీద ఒకే తీగ మీటుతుంటే పాటలో నిజంగా ప్రేమ వినిపించింది. ఫైలు మీద అంత ప్రేమ చూపించే గుమాస్తా మీద కోపం రాదు, కానీ గుండెలో ఎక్కడో గుచ్చుకుంటుంది. కోపంగా రాసిన పాత ముసాయిదా పక్కన పెట్టి ఇదే ఉంచాం.

జూలై, రెండో సగం

రాళ్ల పాట ఇంకా మిగిలింది. ప్రదర్శనకు వెన్నెముక అదే. వారం రోజులుగా ఏ తాళంలో కట్టాలా అని ఆలోచిస్తుంటే సమాధానం పేరులోనే దొరికింది. 'శిలాఫలకం' అన్న మాటను మాత్రల్లో లెక్కపెడితే ఏడు. 'శిలా' మూడు, 'ఫలకం' నాలుగు. మూడు, నాలుగుగా విరిగే ఏడు మాత్రల తాళం, అచ్చంగా మిశ్రచాపు. ఇక వెనక్కి చూడలేదు:

శిలాఫలకం శిలాఫలకం
పాత పేరే చెరిగిపోయెను
కొత్త పేరును చెక్కినారట
వంతెనేదని అడగబోతే
రాయి చూపుతు మొక్కమందురు

'శంకుస్థాపన' ఎనిమిది మాత్రలు, నాలుగేసి మాత్రల చతురశ్రంలో హాయిగా కూర్చుంటుంది. అందుకే శంకుస్థాపన సభ జరిగే ఘట్టమంతా చతురశ్రంలో, ఊరేగింపు దరువులా పెట్టాను. సభ అయిపోయి నాయకుడు కారెక్కగానే తాళం మిశ్రానికి మారుతుంది, రాళ్లు పాడటం మొదలుపెడతాయి. వెలుగు మారకపోయినా, ఎవరూ ఏమీ చెప్పకపోయినా, ఊరు ఖాళీ అయిందని తాళమే చెబుతుంది.

'ప్రారంభోత్సవం' తొమ్మిది మాత్రలు, ఏడులో ఇమడదు. నడక కాస్త ఎదురు తిరిగినా సరే అని 'ప్రారంభోత్స' దగ్గర, సరిగ్గా ఏడో మాత్ర మీద డక్కీ కొట్టి ఆపేశాం. ఆ చివరి అక్షరం ప్రదర్శన మొత్తంలో ఎక్కడా వినపడదు. మూడు రాళ్లూ మూడుసార్లు ఆ మాట ఎత్తుకుంటాయి, మూడుసార్లూ తెగిపోతుంది. వంతెన ప్రారంభం కాలేదని ఎవరూ నోటితో చెప్పరు. ఈ ప్రదర్శనలో నాకు ఎక్కువ ఇష్టమైన చోటు ఇది.

పార్టీ మార్పుల ఘట్టానికి కండువాలు కావాలి. రంగుల దగ్గర పెద్ద చిక్కొచ్చి పడింది. పసుపు, నీలం, గులాబీ, కాషాయం, ఎరుపు, మూడు రంగులు, ఏది పట్టుకున్నా ఎవరో ఒకరిది. ఒక రంగు వదిలేసినా 'వాళ్లను వదిలేశారు' అనే మాట వస్తుంది. చివరికి రంగులే వద్దనుకున్నాం. తెల్ల బట్ట మీద నల్ల గళ్లు, నల్ల చారలు, నల్ల చుక్కలు. అలా గళ్ల పార్టీ, చారల పార్టీ, చుక్కల పార్టీ పుట్టాయి. దూరం నుంచి కూడా తేడా తెలుస్తుంది. ఒకే కండువాకు అటు గళ్లు, ఇటు చారలు కుట్టించాం. పాట మధ్యలో గిర్రున తిరిగి మెడలో తిప్పేసుకుంటే పార్టీ మారిపోతుంది.

ఆ ఘట్టంలో రాజకీయం వంత ఒక ముక్క వివరంగా చెబుతాడు. ఫిరాయింపుల నిరోధానికి 1985లో 52వ సవరణ ద్వారా రాజ్యాంగంలో పదో షెడ్యూలు చేర్చారు. విడిగా పార్టీ మారితే సభ్యత్వం పోవచ్చు. శాసనసభా పక్షంలో మూడింట రెండు వంతుల మంది కలిసి విలీనానికి ఒప్పుకుంటే మినహాయింపు ఉంది. దీన్ని ఉపన్యాసంలా చెబితే జనం ఫోన్లు తీస్తారు. అందుకని హాస్యం వంతతో సంభాషణగా మార్చాం:

'అన్నా, ఒక్కడే గోడ దూకితే?'
'తప్పు తమ్ముడూ.'
'మూడొంతుల్లో రెండొంతుల మంది కలిసి దూకితే?'
'దాన్ని విలీనం అంటారు తమ్ముడూ.'
'మరి గోడ?'
'తందాన తాన!'

ఆగస్టు, మొదటి సగం

రిహార్సల్స్ రాత్రి ఏడు నుంచి. శ్రుతి, అంటే గొంతు పాడే ఎత్తు దగ్గరే మొదటి టెన్షన్. కథ చెప్పే అక్కది ఐదో శ్రుతి. వంతలిద్దరిదీ ఒకటిన్నర, బాగా కింద. అక్కను కిందికి దింపితే ఆవిడ గొంతులోని మెరుపు పోతుంది. వంతలను పైకి లాగితే అరుపు అవుతుంది, మాట తెలియదు. వ్యంగ్యంలో మాట తెలియకపోతే అసలు ఏమీ లేనట్టే. బాబాయ్ చూపించిన దారి ఇది: శ్రుతి అక్కదే ఉంచాలి, వంతల వరసలన్నీ కింది స్థాయిలో నాలుగు స్వరాల మధ్యే తిరగాలి. వాళ్లు పాడే పల్లవి చిన్నది కాబట్టి సరిపోయింది. మిగతా వాళ్ల మాటలు దరువు మీద చదివినట్టు నడుస్తాయి.

ఈ వారం నేర్చుకున్న అసలు విషయం 'తందాన తాన' గురించి. ఇన్నాళ్లూ దాన్ని పల్లవిగా, వంతల ఊతంగా మాత్రమే చూశాను. రిహార్సల్ చూడటానికి పక్క వీధి పిల్లలు వచ్చి నవ్వడం మొదలుపెట్టాక దాని పని కళ్లకు కట్టింది. హాస్యం వంత మాట పడుతుంది, జనం నవ్వుతారు. వెంటనే తర్వాతి వాక్యం మొదలుపెడితే ఆ నవ్వులో అది మునిగిపోతుంది. ఆగి నిలబడితే వేగం చచ్చిపోతుంది. 'తందాన తాన' ఆ రెండు చిక్కులనూ ఒకేసారి తీరుస్తుంది. నవ్వు ఎంతసేపు ఉంటే అంతసేపు తిప్పుకోవచ్చు, నవ్వు సద్దుమణగగానే వదిలేయచ్చు. అందులో అర్థమున్న మాట లేదు కాబట్టి వినపడకపోయినా నష్టం లేదు. పైగా జనం నోట కూడా అది వచ్చేస్తుంది. తరాల తరబడి జనం ముందు నిలబడి పాడినవాళ్లు కట్టిన పద్ధతి ఇది. స్క్రిప్టులో నవ్వు వస్తుందనుకున్న ప్రతిచోటా ఒక చిన్న గీత గీశాను. అక్కడ ఎన్ని ఆవర్తనాలు, అంటే తాళం చుట్లు, తిప్పాలో వేదిక మీద రాజకీయం వంత నిర్ణయిస్తాడు. నవ్వించిన మనిషికి కాకుండా పక్కవాడికి ఆ పని ఇవ్వడం కావాలనే చేశాం. నవ్వించినవాడికి తన నవ్వు ఎప్పుడూ ఇంకాసేపు ఉండాలనే ఉంటుంది.

అమెరికాలో 1937లో జరిగిన ఒక ఘటన చదివాను. 'ది క్రేడిల్ విల్ రాక్' అనే కార్మికుల సంగీత నాటకం మొదటి ప్రదర్శన రోజున థియేటర్‌కు తాళాలు వేశారు. బృందం, ప్రేక్షకులు కలిసి వేరే థియేటర్‌కు వెళ్లారు. వేదిక మీద స్వరకర్త పియానో ముందు ఒక్కడే కూర్చున్నాడు. నటులు వేదిక ఎక్కకుండా ప్రేక్షకుల మధ్య, తమ తమ సీట్ల దగ్గరే లేచి నిలబడి పాడారు. అది చదివిన రాత్రి మా మొదటి ఘట్టం మార్చేశాను. హాస్యం వంత ఇప్పుడు వేదిక మీద మొదలుకాడు. జనంలో మామూలు చొక్కాతో కూర్చుని ఉంటాడు. దండకం అయిపోగానే లేచి 'ఏవండీ, ఆ కాలువ మీద వంతెన సంగతి?' అని అడుగుతాడు. కథ చెప్పే అక్క 'ఎవరు నాయనా నువ్వు?' అంటే, 'ఇందాక దేవతా అన్నారే, నేనేనండీ' అంటాడు. అక్కడినుంచి నడిచి వేదిక ఎక్కి డక్కీ తగిలించుకుంటాడు. ప్రశ్న జనం వైపు నుంచి రావడం వల్ల తర్వాత వచ్చే ప్రశ్నలన్నీ జనానివే అయ్యాయి.

ఆగస్టు, రెండో సగం

మైకుల సంగతి చిన్నదనిపిస్తుంది గానీ కాదు. కథకురాలి ఒక చేయి తంబురా మీద ఉంటుంది, రెండో చేతి వేళ్లకు అందెలు, అంటే మోగించే లోహపు ఉంగరాలు ఉంటాయి. చేతి మైకు పట్టుకునే వీలు లేదు. స్టాండు మైకు పెడితే అడుగులు ఆగిపోతాయి. బుర్రకథలో అడుగు ఆగితే సగం ప్రాణం పోయినట్టే. చొక్కాకు తగిలించే చిన్న మైకు తంబురా మోతనంతా లాగేసుకుంది. చెవికి తగిలించుకుని నోటి పక్కకు వచ్చే హెడ్‌సెట్ మైకుతో పని జరిగింది. వంతలిద్దరికీ మాత్రం స్టాండు మైకులు, కొంచెం వెనగ్గా పెట్టాం. మాట అనాల్సినప్పుడు ముందుకు వస్తారు, వాయించేటప్పుడు వెనక్కి వెళతారు. డక్కీ మోత దానంతట అదే తగ్గుతుంది. గజ్జెలు కథకురాలికి ఒక్కరికే ఉంచాం. ముగ్గురూ కట్టుకుంటే రాళ్ల పాటలో మాటలు తెలియడం లేదు.

శిలాఫలకాలు మూడూ ప్లైవుడ్‌తో చేసి బూడిదరంగు పూశాం. పేర్లు ఉండాల్సిన చోట గీతలు మాత్రమే చెక్కినట్టు వేశాడు మా పెయింటర్. ఎవరి పేరైనా అక్కడ ఊహించుకోవచ్చు.

సెప్టెంబరు, మొదటి సగం

అనుమతులు. 1876లో తెల్లదొరలు నాటక ప్రదర్శనల చట్టం తెచ్చారు. ప్రభుత్వంపై వ్యతిరేకత రేపే నాటకాలను ఆపే అధికారం దానితో వాళ్లకు దక్కింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా అది పుస్తకాల్లో ఉండిపోయింది. 1956లో అలహాబాద్ హైకోర్టు అది రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది. కాలం చెల్లిన చట్టాలతో పాటు కేంద్రం దాన్ని పూర్తిగా తీసేసింది మాత్రం 2018లోనే. ఇప్పుడు మాకు ఎదురయ్యే నిబంధనలు వేరే రకం. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు ఆ మాట చెబుతాయి. అందుకే ఆరుబయట ప్రదర్శన ఏడున్నరకే మొదలుపెట్టాలి.

ఎన్నికల సమయం గురించి మా లాయరు మిత్రుడు చూపించిన సెక్షన్ నన్ను ఆశ్చర్యపరిచింది. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126వ సెక్షన్ ప్రకారం, లోక్‌సభ, శాసనసభ ఎన్నికల్లో పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో సంగీత కచేరీ గానీ, నాటక ప్రదర్శన గానీ పెట్టి జనాన్ని ఆకర్షించి ఎన్నికల ప్రచారం చేయకూడదు. పాటనూ నాటకాన్నీ పేరు పెట్టి చెప్పింది చట్టం. వాటికి జనాన్ని కదిలించే బలం ఉందని ఒప్పుకున్నట్టే కదా. మేం ఏ పార్టీ ప్రచారమూ చేయడం లేదు. అయినా ఎన్నికల నోటిఫికేషన్ ఉన్న రోజుల్లో ఈ కథ వేయకూడదని బృందమంతా ఒక మాట అనుకున్నాం. ఆ రోజుల్లో ఏది పాడినా ఎవరి తరఫున అని అడుగుతారు, కథ వినరు.

మొదట మాట్లాడుకున్న హాలువాళ్లు స్క్రిప్టు ముందుగా చూపించమన్నారు. చూపించాం. దండకం తీసేస్తే ఇస్తామన్నారు, దేవుడి రూపంలో నాయకుడి మాటలు బాగోవని. తీసేయలేదు. దండకంలో ఏ దేవుడి పేరూ లేదు, ఎవరి భక్తినీ తక్కువ చేయలేదు. వేరే చోటు వెతుక్కున్నాం. దొరికింది ఒక పాఠశాల ఆవరణ. పైకప్పు లేని వేదిక, ముందు చాపలు, వెనక కుర్చీలు. నిజానికి బుర్రకథకు అదే మంచి చోటు.

సెప్టెంబరు, రెండో సగం

మొదటి ప్రదర్శన అయింది. తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు, వాళ్లతో వచ్చిన పిల్లలు, అందరితో ఆవరణ నిండింది.

దండకానికి నవ్వు వస్తుందని అనుకున్నాను. మొదటి రెండు పాదాలకు నిశ్శబ్దం. కొందరు పెద్దవాళ్లు అలవాటుగా చేతులు జోడించారు కూడా. 'నీ ట్యాంకు నింపించి' దగ్గర ఎవరో ఒకరు ఫక్కున నవ్వారు. అక్కడినుంచి నవ్వు వెనక వరసలకు పాకింది. అక్క కళ్లు తెరవలేదు, ఒక్క గణం తప్పలేదు. ఆ నిగ్రహానికి ఆవిడకు ఎన్నిసార్లు నమస్కారం పెట్టినా తక్కువే.

జోలపాటకు మాత్రం నవ్వు రాలేదు. రాకపోవడమే బాగుంది. ప్రదర్శన అయ్యాక ఒక పెద్దావిడ వేదిక దగ్గరికి వచ్చి గుమాస్తా వేషం వేసిన తమ్ముణ్ణి పట్టుకుని, 'నా పింఛను కాగితం కూడా అట్టాగే పడుకుందయ్యా' అన్నారు. వాడికి ఏం చెప్పాలో తెలియలేదు, ఆవిడ చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆ తర్వాత మా లాయరు మిత్రుడు ఆవిడ వివరాలు తీసుకున్నారు.

కండువాల ఘట్టం నేను ఆశించినంత నిలబడలేదు. గళ్లు, చారలు, చుక్కలు చూడగానే జనానికి అర్థమైపోయింది. తర్వాత వచ్చే మూడో చరణం అదే మాటను మళ్లీ చెబుతోంది. నవ్వు తగ్గడం రాజకీయం వంతకు తెలిసి 'తందాన తాన' ఒక్క ఆవర్తనంతో ముగించాడు. అతని చెవి అంత బాగా పనిచేసింది. ఆ చరణం తీసేస్తున్నాం. దాని బదులు రెండో రాయి తన కథ చెప్పే నాలుగు పాదాలు పెంచుతాను. మొదటి రాయికి, మూడో రాయికి చక్కటి చోటు దొరికింది, మధ్య రాయి ఊరికే నిలబడిపోతోంది.

'ప్రారంభోత్స' దగ్గర డక్కీ తెగినప్పుడు, మూడోసారికి పిల్లలు గట్టిగా 'వం!' అని పూర్తిచేశారు. మేం రాయలేదు, ఊహించలేదు. ఇప్పుడు దాన్ని ఏం చేయాలనేదే బృందంలో పెద్ద చర్చ. తమ్ముడేమో జనం అన్నాక వేదిక మీద ముగ్గురూ వాళ్ల వైపు తిరిగి చూడాలంటాడు. అక్క మాట వేరు: చూడకూడదు, రాళ్లకు వినపడదు కదా, జనం అరిచినా పాట అలాగే మొదటికి వెళ్లాలి. నాకు అక్క చెప్పిందే సరైనదనిపిస్తోంది. వచ్చే ప్రదర్శన తెనాలి దగ్గర ఒక ఊళ్లో, ఆరుబయట. అక్కడ అక్క చెప్పినట్టు చేసి చూస్తాం. మధ్య రాయి పాదాలు రాయడం ఈ రాత్రే మొదలుపెడుతున్నాను. మిశ్రచాపులోనే, 'రెండవ రాయి' అన్న మాటతో ఎత్తుకుంటున్నాను. అది కూడా ఏడు మాత్రలే.